రైల్స్‌లో 'అన్‌డిఫైన్డ్ మెథడ్' ఎర్రర్‌తో కుస్తీ పడేవాళ్ళకి: రూబీ డీబగ్ జెమ్ రివ్యూ

రూబీ భాషలో వెబ్ యాప్స్ కట్టే రైల్స్‌లో పనిచేస్తూ ఒక్క డీబగ్గరే (నడిచే కోడ్‌ని మధ్యలో ఆపి లోపల ఏముందో చూపించే టూల్) నేర్చుకునే ఓపిక ఉందనుకుంటే అది డీబగ్ జెమ్మే (జెమ్ అంటే రూబీ లైబ్రరీ) అవ్వాలని నా గట్టి అభిప్రాయం. ముఖ్యంగా మోడల్ క్లాసుల్లో, అంటే డేటాబేస్ టేబుల్స్‌కి ప్రతినిధులుగా ఉండే క్లాసుల్లో, వచ్చే నోమెథడ్ఎర్రర్ కోసం: ఆబ్జెక్ట్‌కి లేని మెథడ్‌ని పిలిస్తే 'అన్‌డిఫైన్డ్ మెథడ్' అని పడే ఎర్రర్ ఇదే. దీన్ని కొన్నేళ్ళుగా రోజూ వాడుతున్నా, దాదాపు ప్రతి వారం ఏదో ఒక బగ్ దీనితోనే తేలుతుంది, అయినా మన టీముల్లో చాలామంది ఇది తమ జెమ్‌ఫైల్‌లో (యాప్ వాడే జెమ్స్ జాబితా) ముందే ఉందన్న సంగతి కూడా గమనించరు. అందుకే రాస్తున్నా.

ముందు ఇదేంటో చెప్తా. పేరే డీబగ్, టెర్మినల్‌లో కమాండ్ పేరు ఆర్‌డీబీజీ. రాసింది కోయిచి ససాడా, రూబీ లోపలున్న యార్వ్ అనే వర్చువల్ మెషీన్ చేసింది ఈయనే, కాబట్టి ఇంజిన్ కట్టినాయనే రిపేర్ కిట్ కూడా కట్టిచ్చాడన్నమాట. 2021 డిసెంబర్ 25న వచ్చిన రూబీ 3.1తో పాటే ఇది రావడం మొదలైంది, అదే నెల్లో వచ్చిన రైల్స్ 7 కూడా కొత్త యాప్ చేస్తే జెమ్‌ఫైల్‌లో అంతకుముందున్న డీబగ్గర్ బైబగ్‌ని తీసేసి దీన్ని పెట్టడం మొదలుపెట్టింది. పైసా ఖర్చు లేదు, ఓపెన్ సోర్స్.

బైబగ్ ఉండగా ఇదెందుకు అని అడుగుతారు. వేగం ఒక కారణం. రూబీ 2.6 నుంచి ఒక్క మెథడ్‌కో ఒక్క లైనుకో మాత్రమే నిఘా పెట్టే సౌకర్యం భాషలోనే వచ్చింది, డీబగ్ జెమ్ దాన్ని వాడుకుంటుంది కాబట్టి బ్రేక్‌పాయింట్ (ఇక్కడ ఆగు అని పెట్టే గుర్తు) లేని కోడ్ మామూలు స్పీడులోనే పరిగెడుతుంది. పెద్ద యాప్‌లో, వందల మోడల్స్ ఉన్నచోట, ఈ తేడా రోజంతా పనిచేస్తే బాగా తెలుస్తుంది. కానీ నాకు అసలు నచ్చింది స్పీడ్ కాదు, ఎర్రర్ పడిన చోటే ఆపి అక్కడి నుంచి వెనక్కి వెళ్ళనివ్వడం.

ఎర్రర్ మెసేజ్ విషయంలో రూబీ వాళ్ళు ఏళ్ళ తరబడి చేసిన పనిని మెచ్చుకోవాలి. స్పెల్లింగ్ తప్పు కొడితే 'నీ ఉద్దేశం ఇదా' అని అడిగే డిడ్ యు మీన్ రూబీ 2.3 నుంచే ఉంది. 3.1లో ఎర్రర్ హైలైట్ వచ్చింది, ఒకే లైన్లో నాలుగు చుక్కలు పెట్టి నాలుగు మెథడ్స్ గొలుసుగా పిలిచినా సరిగ్గా ఏది పేలిందో కింద గీత గీసి చూపిస్తుంది, దీనికి ముందు ఆ నాలుగింట్లో నిల్ (ఏమీ లేదని చెప్పే విలువ) ఎవరో ఊహించుకోవాల్సి వచ్చేది. 3.3లో ఆబ్జెక్ట్ మొత్తాన్ని మెసేజ్‌లోకి కుమ్మరించడం మానేసి 'యాన్ ఇన్‌స్టెన్స్ ఆఫ్ ఫలానా క్లాస్' అని ఒక్క ముక్కలో చెప్పడం మొదలుపెట్టారు. ఇవన్నీ ఏం పేలింది, ఎక్కడ పేలింది అన్నవాటికి జవాబులు. ఎందుకు పేలింది అన్నదానికి మెసేజ్‌లో జవాబుండదు, మోడల్స్‌లో అయితే అసలుండదు, ఎందుకంటే రైల్స్‌లో మోడల్స్‌ని డేటాబేస్‌తో కలిపే యాక్టివ్ రికార్డ్‌లో సగం మెథడ్స్ మనం రాసినవి కావు, టేబుల్ కాలమ్స్ చూసి అది తయారు చేసుకున్నవి, ఇంకొన్ని ఆ క్వెరీ వరకే బతికేవి.

ఈ చివరి రకం మీదే నాకు బాగా గుర్తుండిపోయిన బగ్ ఒకటి చెప్తా, ఈ టూల్ విలువ దాంట్లో కనిపిస్తుంది. మందుల హోల్‌సేల్ వాళ్ళ స్టాక్ అప్లికేషన్. బ్యాచ్ అని ఒక మోడల్, రిజర్వేషన్ అని ఇంకో మోడల్, ఎవరైనా ఆర్డర్ పెడితే ఆ బ్యాచ్ మీద కొంత సరుకు రిజర్వ్ అవుతుంది. లిస్ట్ పేజీలో మిగిలిన సరుకు చూపించాలి కాబట్టి క్వెరీలోనే సెలెక్ట్ పెట్టి, మొత్తం క్వాంటిటీలోంచి రిజర్వేషన్ల సమ్ తీసేసి, దానికి అవైలబుల్_క్యూటీ అని పేరు పెట్టారు. టేబుల్లో ఆ పేరుతో కాలమ్ లేదు, మోడల్లో ఆ పేరుతో మెథడ్ లేదు, అయినా బ్యాచ్ డాట్ అవైలబుల్_క్యూటీ అంటే చక్కగా నంబర్ వస్తుంది. యాక్టివ్ రికార్డ్ ఇచ్చే వసతి అది, క్వెరీ రిజల్ట్‌లో ఏ పేరుతో వస్తే ఆ పేరుతో పిలవొచ్చు.

చాలా కాలం బాగానే నడిచింది. తర్వాత ఒకే బ్యాచ్‌ని ఒకే సమయంలో ఇద్దరు బుక్ చేసి స్టాక్ మైనస్‌లోకి వెళ్ళడంతో, ఆర్డర్ కన్ఫర్మ్ చేసేచోట, ఒకరి పని అయ్యేదాకా ఆ రికార్డ్‌ని ఇంకొకరు మార్చకుండా ఆపే విత్_లాక్ బ్లాక్ పెట్టారు. పెట్టాల్సిందే, సరైన పనే. పెట్టిన దగ్గర్నుంచి కన్ఫర్మ్ బటన్ నొక్కితే 'అన్‌డిఫైన్డ్ మెథడ్ అవైలబుల్_క్యూటీ ఫర్ యాన్ ఇన్‌స్టెన్స్ ఆఫ్ బ్యాచ్'. స్క్రీన్ మీద అదే బ్యాచ్‌కి అదే నంబర్ కనిపిస్తోంది, లాక్‌కి పై లైన్లో లాగ్ చేస్తే నంబర్ పడుతోంది, రెండు లైన్ల కింద అలాంటి మెథడే లేదంటోంది! ఒకే ఆబ్జెక్ట్, ఒకే వేరియబుల్, మధ్యలో ఎవరూ దాన్ని మార్చలేదు, కనీసం కంటికి కనిపించేలా మార్చలేదు.

ఇక్కడ డీబగ్ జెమ్ ఎలా పనిచేసిందో విడమర్చి చెప్తా. సర్వర్‌కి అటాచ్ అయ్యి క్యాచ్ నోమెథడ్ఎర్రర్ అని టైప్ చేసి కంటిన్యూ కొట్టా. కోడ్‌లో ఒక్క అక్షరం ముట్టుకోలేదు. బ్రౌజర్లో బటన్ నొక్కగానే ఎర్రర్ పేలే క్షణంలో ఆగింది, ఆగింది మన ఫైల్లో కాదు, యాక్టివ్ రికార్డ్ వెనకున్న యాక్టివ్ మోడల్ లోపల, దొరకని మెథడ్ పిలుపులు వచ్చి చేరే మెథడ్_మిస్సింగ్‌లో. కొత్తగా వాడేవాళ్ళు ఇక్కడే కంగారుపడతారు, కానీ అది మంచి ఆధారం: ఈ పేరు మామూలు మెథడ్‌గా దొరక్క, అట్రిబ్యూట్స్‌లో ఉందేమోనని వెతికి, అక్కడా లేక చేతులెత్తేశారని అర్థం. పిలిచినవాళ్ళ వైపు ఒక్కో మెట్టు తీసుకెళ్ళే అప్ అని ఒకట్రెండు సార్లు కొడితే మన సర్వీస్ క్లాస్‌లో లాక్ బ్లాక్ లోపలి లైనుకి వచ్చేస్తాం, చుట్టుపక్కల పదిలైన్ల కోడ్, లోకల్ వేరియబుల్స్ అన్నీ ముందుంటాయి. అక్కడ బ్యాచ్ డాట్ అట్రిబ్యూట్స్ డాట్ కీస్ అని అడిగితే ఐడీ, బ్యాచ్ నంబర్, ఎక్స్‌పైరీ, క్వాంటిటీ, ఇలా టేబుల్లో ఉన్న కాలమ్సే వచ్చాయి. అవైలబుల్_క్యూటీ లేదు. అంటే ఆబ్జెక్ట్ అదే అయినా లోపలి సరుకు ఎవరో ఖాళీ చేసి మళ్ళీ నింపారు.

ఎవరు? దానికి ట్రేస్ ఆబ్జెక్ట్ అని ఒక కమాండ్ ఉంది, నా లెక్కలో ఈ జెమ్‌లో అన్నిటికన్నా తక్కువ పేరొచ్చిన, అన్నిటికన్నా పనికొచ్చే వస్తువు. లాక్‌కి పై లైన్లో ఆగి, ట్రేస్ ఆబ్జెక్ట్ బ్యాచ్ అని కొట్టి వదిలేస్తే, ఆ ఒక్క ఆబ్జెక్ట్‌ని ఎవరు ఏ మెథడ్‌తో పిలిచినా, ఎవరికి ఆర్గ్యుమెంట్‌గా పంపినా ఒక్కో లైన్ ప్రింట్ చేస్తుంది. లైన్లు బోలెడు వస్తాయి, ఫైల్లోకి పంపే ఆప్షన్ ఉంది, వాడండి. ఆ వరసలో విత్_లాక్, దాని వెనకాల లాక్, దాని వెనకాల రీలోడ్ స్పష్టంగా కనబడ్డాయి. దొంగ దొరికాడు. విత్_లాక్ అంటే రో మీద తాళం వేసి ఊరుకోదు, సెలెక్ట్ ఫర్ అప్‌డేట్ క్వెరీ నడిపి రికార్డ్‌ని డేటాబేస్ నుంచి కొత్తగా తెచ్చుకుంటుంది, పాత అట్రిబ్యూట్స్ మొత్తం పడేసి కొత్తవి పెడుతుంది. కొత్త క్వెరీలో మన సెలెక్ట్ ఉండదు కదా, లెక్కగట్టిన ఆ నంబరూ ఉండదు.

ఇప్పుడు దీన్ని ఎలా సరిచేయాలి అన్నది ఇంకా ముఖ్యం. గూగుల్ చేసేవాళ్ళు మొదట దొరికే చిట్కా పట్టుకుంటారు, ట్రై (మెథడ్ లేకపోతే ఎర్రర్ వేయకుండా ఊరుకునే పిలుపు) పెట్టు ఎర్రర్ పోతుంది అని. పోతుంది, బదులుగా నిల్ వస్తుంది, దాని పక్కన టు_ఐ ఉంటే సున్నా అవుతుంది, గోడౌన్లో సరుకున్నా స్టాక్ లేదని ఆర్డర్ వెనక్కి కొడుతుంది, అప్పుడు ఎర్రర్ ఉండదు, లాగ్ ఉండదు, కస్టమర్ ఫోన్ మాత్రమే ఉంటుంది. నిల్ అయితే మెథడ్‌ని పిలవకుండా వదిలేసే అంపర్‌శాండ్ డాట్ పెట్టమనేవాళ్ళూ ఉంటారు, ఇక్కడ బ్యాచ్ నిల్ కాదు కాబట్టి అది దేనికీ పనికిరాదు. నంబర్‌ని లాక్‌కి ముందే ఒక వేరియబుల్లో దాచుకుంటే ఎర్రర్ రాదు కానీ అది ఇంకా ప్రమాదం, లాక్ పెట్టిందే తాజా లెక్క కోసం, పాత లెక్కతో నిర్ణయం తీసుకుంటే లాక్ పెట్టినా పెట్టనట్టే. ఒకరకంగా ఆ నోమెథడ్ఎర్రర్ మనకి మేలే చేసింది, పాత నంబర్ వాడకుండా అడ్డుపడింది. పోనీ అదే లెక్కల క్వెరీ మీద లాక్ వేద్దామంటే పోస్ట్‌గ్రెస్ ఒప్పుకోదు, గ్రూప్ బై ఉన్న క్వెరీకి ఫర్ అప్‌డేట్ కుదరదు.

సరైన దారి ఏంటంటే మోడల్లోనే ఒక నిజమైన మెథడ్ రాసి, లాక్ లోపల రిజర్వేషన్ల సమ్ అప్పటికప్పుడు తీసి క్వాంటిటీలోంచి తగ్గించడం, లిస్ట్ పేజీలో సెలెక్ట్ పేరు వేరే పెట్టుకోవడం. ఈ రెండిటికీ ఒకే పేరు పెట్టకండి, మోడల్ మెథడ్ ఉంటే అదే పలుకుతుంది, సెలెక్ట్‌లో తెచ్చుకున్నది వాడకుండానే పోతుంది, లిస్టులో ప్రతి రోకీ ఒక క్వెరీ పడుతుంది.

ఇదంతా అక్కడక్కడా పుట్స్ (విలువని ప్రింట్ చేసే లైన్) పెట్టి కనుక్కోలేమా అంటే కనుక్కోవచ్చు, ఎవరూ కాదనరు. కానీ పుట్స్ పెట్టాలంటే ఎక్కడ పెట్టాలో ముందే అనుమానం ఉండాలి, రీలోడ్ మీద అనుమానమే లేనప్పుడు రైల్స్ లోపలికి వెళ్ళి ఎక్కడని పెడతాం?

రెండో రకం అందరికీ తెలిసిందే, నిల్. బ్యాచ్ డాట్ సప్లయర్ డాట్ నేమ్, ఒకచోట సప్లయర్ లేడు, 'అన్‌డిఫైన్డ్ మెథడ్ నేమ్ ఫర్ నిల్'. రైల్స్ 5 నుంచి బిలాంగ్స్_టు (ఈ రికార్డ్ ఫలానా రికార్డ్‌కి చెందింది అని చెప్పే లింకు) తప్పనిసరి కదా, నిల్ ఎలా వచ్చింది అని వాదించేవాళ్ళని చూశా. ఆ తప్పనిసరి అనేది సేవ్ చేసేటప్పుడు మాత్రమే చూసే వాలిడేషన్, తర్వాత ఎవరో సప్లయర్ రోని నేరుగా ఎస్‌క్యూఎల్‌లో డిలీట్ చేస్తే, డేటాబేస్‌లో ఫారిన్ కీ లేకపోతే, అది ఏమీ ఆపలేదు. ఇక్కడ సమస్య ఏ రో అన్నదే, లిస్టులో వందల రికార్డులుంటే ప్రతిదాని దగ్గరా ఆగుతూ నెక్స్ట్ నెక్స్ట్ కొట్టలేం. ఫలానా ఫైల్ ఫలానా లైన్ దగ్గర, సప్లయర్ నిల్ అయితేనే ఆగు అని బ్రేక్‌కి ఇఫ్ షరతు తగిలించొచ్చు, నేరుగా ఆ ఒక్క రికార్డ్ దగ్గర ఆగుతుంది, అక్కడ సప్లయర్_ఐడీ చూస్తే కథ తెలిసిపోతుంది: ఐడీ ఉండి మనిషి లేకపోతే డిలీట్ వ్యవహారం, ఐడీయే ఖాళీ అయితే పాత ఇంపోర్ట్ వ్యవహారం. రెండిటికీ మందు వేరు.

మూడోది, వేర్‌తో తెచ్చిన దాని మీద ఇన్‌స్టెన్స్ మెథడ్ పిలవడం, అది ఒక్క రికార్డ్ కాదు రిలేషన్, అంటే రికార్డుల జాబితా తెచ్చే క్వెరీ, మెసేజ్‌లోనే రిలేషన్ అని రాసి ఉంటుంది, చదివితే చాలు, దీనికి డీబగ్గర్ అక్కర్లేదు. కాకపోతే రిలేషన్స్ గురించి ఒక హెచ్చరిక: డీబగ్గర్ ప్రాంప్ట్‌లో ఇన్ఫో కొట్టి లోకల్స్ చూస్తే, అందులో రిలేషన్ ఉంటే దాన్ని చూపించడానికే అది డేటాబేస్‌కి క్వెరీ పంపుతుంది. లాగ్‌లో లిమిట్ 11తో ఒక క్వెరీ కనబడితే అది మీ యాప్ వేసింది కాకపోవచ్చు, మీరు చూడటం వల్ల పడిందే.

ఇక నచ్చనివి కూడా చెప్పాలి. మొదటిది, ప్రాంప్ట్‌లో ఒక్క అక్షరం కమాండ్లు. మీ వేరియబుల్ పేరు ఎన్ అనుకోండి, దాని విలువ చూద్దామని ఎన్ కొడితే అది నెక్స్ట్ అనుకుని ముందుకెళ్ళిపోవచ్చు, సీ కొడితే ఏకంగా వదిలేసి పారిపోతుంది. ముందు పీ పెట్టి స్పేస్ ఇచ్చి పేరు కొట్టడం అలవాటు చేసుకోవాలి. అంతదూరం వచ్చి ఒక్క అక్షరంతో సెషన్ చేజారితే ఒళ్ళు మండుతుంది.

రెండోది బిన్ డెవ్, డెవలప్‌మెంట్‌లో యాప్ మొదలుపెట్టే కమాండ్. రైల్స్ 7 నుంచి చాలా యాప్స్ ఒకేసారి చాలా ప్రాసెస్‌లు నడిపే ఫోర్‌మన్ ద్వారా సర్వర్, జావాస్క్రిప్ట్, సీఎస్ఎస్ మూడూ కలిపి నడుపుతాయి, అప్పుడు డీబగ్గర్ ఆగినా ప్రాంప్ట్‌లో మనం టైప్ చేసేది దానికి సరిగా అందదు, స్క్రీన్ మీద మూడు ప్రాసెస్‌ల లాగులు కలిసిపోతాయి. కొత్తవాళ్ళు ఇక్కడే 'ఇది పనిచేయట్లేదు' అని వదిలేస్తారు. విరుగుడు ఉంది, ఫోర్‌మన్ ఏవి నడపాలో రాసుండే ప్రాక్‌ఫైల్‌లో సర్వర్ లైనుకి ముందు రూబీ_డీబగ్_ఓపెన్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని ట్రూ చేసి, ఇంకో టెర్మినల్ తెరిచి ఆర్‌డీబీజీ హైఫన్ క్యాపిటల్ ఏ కొడితే అటాచ్ అవుతుంది. డాకర్‌లో అయితే కంటెయినర్ బయటి నుంచి చేరడానికి హోస్ట్, పోర్ట్ కూడా ఇవ్వాలి. ఆ పోర్ట్ మీ లాప్‌టాప్ దాటి బయటికి తెరవకండి, దాంట్లోకి చేరినవాళ్ళు మీ యాప్ లోపల ఏ కోడ్ అయినా నడపగలరు, స్టేజింగ్ సర్వర్ అయినా సరే వద్దు.

మూడోది, ఆగినప్పుడు ప్రాసెస్‌లోని థ్రెడ్లన్నీ ఆగుతాయి. ఒక రిక్వెస్ట్‌ని తీరిగ్గా చూస్తుంటే రైల్స్ వెబ్ సర్వర్ పూమాలో మిగతా రిక్వెస్టులు క్యూలో నిలబడతాయి, బయటి ఏపీఐ కాల్స్ టైమ్ అవుట్ అవుతాయి. ఒక్కోసారి ఆ టైమ్ అవుటే కొత్త ఎర్రర్‌లా కనబడి దారి తప్పిస్తుంది. నాలుగోది, క్యాచ్ పెడితే లైబ్రరీలు లోపల్లోపల ఎత్తి తామే రెస్క్యూ చేసుకునే ఎర్రర్ల దగ్గర కూడా ఆగుతుంది. మన బగ్ కాని చోట ఆగితే కంటిన్యూ కొట్టి ముందుకెళ్ళడమే, లేదా క్యాచ్‌కి కూడా ఇఫ్ తగిలించుకోవచ్చు.

డాక్యుమెంటేషన్ పూర్తిగా ఉంది కానీ పొడవాటి ఒకే రీడ్‌మీ, ఇంగ్లీషులో, కమాండ్ల జాబితాలా. మోడల్ బగ్ పట్టుకోవడానికి ఏ కమాండ్ తర్వాత ఏది అన్న వరస అందులో దొరకదు. తెలుగులో జావాకి, పైథాన్‌కి వీడియోలు కుప్పలుగా ఉన్నాయి గానీ రైల్స్‌కి తక్కువ, డీబగ్గింగ్ మీద ఇంకా తక్కువ. హైదరాబాద్‌లో కొత్తగా రైల్స్ టీముల్లో చేరే పిల్లలు చాలామంది కాలేజీలో రూబీ ముఖం చూడకుండా వస్తారు, వాళ్ళకి ఎర్రర్ పేజీ చూస్తే భయం, ట్రేస్ మొత్తం కాపీ చేసి సీనియర్‌కి పంపేస్తారు. వాళ్ళకి మొదటి వారంలోనే క్యాచ్, అప్, అట్రిబ్యూట్స్ ఈ మూడు చూపిస్తే చాలని నేను మా టీమ్‌లో పట్టుబట్టి చేయిస్తున్నా, ఎవరూ దాన్ని కష్టమనలేదు.

పోలిక చెప్పాలంటే, రైల్స్ ఎర్రర్ పేజీ కింద వచ్చే వెబ్ కన్సోల్ కూడా మంచిదే, 4.2 నుంచి ఉంది, బ్రౌజర్లోనే ఫ్రేమ్ మీద క్లిక్ చేసి వేరియబుల్స్ అడగొచ్చు, పైన చెప్పిన నిల్ బగ్ లాంటివి దాంతోనే తేలతాయి. కానీ అక్కడికి వచ్చేసరికి ఎర్రర్ అయిపోయింది, ముందుకి నడపలేం, బ్యాక్‌గ్రౌండ్ జాబ్‌లో పేలితే పేజీయే రాదు. ప్రై అనే ఇంకో రూబీ కన్సోల్ అలవాటున్నవాళ్ళు దాని రంగులు, కోడ్ చదివే సౌలభ్యం వదులుకోలేరు, నిజమే, కన్సోల్‌గా ప్రై ఇప్పటికీ హాయిగా ఉంటుంది, అయితే స్టెప్పింగ్‌కి దానికి వేరే జెమ్ తోడు కావాలి. వీఎస్ కోడ్ వాడేవాళ్ళకి డీబగ్ జెమ్‌కి ఉచిత ఎక్స్‌టెన్షన్ ఉంది, అంచులో క్లిక్ చేసి బ్రేక్‌పాయింట్ పెట్టుకోవచ్చు, టెర్మినల్ అంటే ఇబ్బందిపడేవాళ్ళకి అదే మంచి దారి. జేరూబీ (జావా మీద నడిచే రూబీ) మీద నడిచే యాప్స్‌కి మాత్రం ఇది పనికిరాదు, మామూలు రూబీ అయిన సీరూబీకే.

రేటింగ్ అడిగితే ఐదుకి నాలుగున్నర, ఆ అర మార్కు బిన్ డెవ్ దగ్గర కొత్తవాళ్ళు పడే తిప్పలకి. ఇవాళే మొదలుపెట్టాలనుకుంటే కొత్తగా ఏమీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, జెమ్‌ఫైల్‌లో డెవలప్‌మెంట్, టెస్ట్ గ్రూపులో డీబగ్ ఉందో లేదో చూసుకోండి, ఫెయిల్ అవుతున్న ఒక టెస్ట్‌లో డీబగ్గర్ అని ఒక లైన్ పెట్టి నడపండి, టెస్ట్‌లో అయితే ఫోర్‌మన్ గొడవ ఉండదు, ప్రాంప్ట్ నేరుగా చేతికొస్తుంది. అక్కడ క్యాచ్ నోమెథడ్ఎర్రర్ కొట్టి, కంటిన్యూ చేసి, ఆగాక బీటీ (ఎవరు ఎవర్ని పిలుస్తూ ఇక్కడికి వచ్చారో చూపే కమాండ్) కొట్టండి. వచ్చే పొడవాటి జాబితా చూసి బెదరకండి, బీటీ పక్కన స్లాష్‌ల మధ్య యాప్ అని ఇస్తే మన ఫోల్డర్ ఫ్రేములే మిగులుతాయి.